డిసెంబరులో బొర్రా, అరకు, వంజంగి, లంబసింగి: అమ్మ, ఇద్దరు పిల్లలతో మూడు రోజుల్లో అయితదా?

కరీంనగర్_కిరణ్
అందరికీ నమస్తే. డిసెంబరు రెండో వారంల పోదామనుకుంటున్నం. మేం ఇద్దరం, పిల్లలు (ఒకరికి 9, ఒకరికి 4), మా అమ్మ (68, మోకాళ్ల నొప్పులు, మెట్లు మెల్లగ ఎక్కుతది). మొత్తం ఐదుగురం. సికింద్రాబాద్ నుంచి గురువారం రాత్రి రైలు. శుక్రవారం పొద్దున విశాఖల దిగంగనే కిరండూల్ రైలెక్కి అరకు, బొర్రా. శనివారం లంబసింగి. ఆదివారం తెల్లారి వంజంగి మేఘాలు చూసి, అదే రాత్రి రైలుకు వాపస్. కారు అక్కడనే మాట్లాడుకుంటం. ఇది నడుస్తదా? ఏది తీసెయ్యాలె?

రైలుపిచ్చోడు
ముందు రైలు సంగతి తేల్చుకోండి. కిరండూల్ పాసింజరు విశాఖలో ఉదయం ఏడు లోపే కదిలిపోతుంది. హైదరాబాద్ వైపు నుంచి వచ్చే రాత్రి బళ్ళలో కొన్ని దానికి కాస్త ముందు, కొన్ని దాని తరవాత చేరతాయి. ముందు చేరాల్సినవి కూడా చలికాలం పొగమంచుకి అరగంట ఆలస్యమైతే చాలు, అరకు బండి వెళ్ళిపోతుంది. రెండూ వేరు వేరు టికెట్లు కాబట్టి రెండోది తప్పిపోతే ఆ రోజు ప్రయాణం పోయినట్టే. పిల్లలు, పెద్దావిడతో ప్లాట్‌ఫారం మారుతూ పరిగెత్తే పని పెట్టుకోవద్దు.

తెల్లవారుజామున సికింద్రాబాద్‌లో బయలుదేరే వందేభారత్ ఎక్కితే మధ్యాహ్నానికి విశాఖలో ఉంటారు. ఆ పూట బీచ్ చూసుకుని, స్టేషన్‌కి దగ్గర్లో గది తీసుకుని, మర్నాడు ఉదయం అరకు బండి ఎక్కండి.

విస్టాడోమ్ బోగీ కావాలంటే రిజర్వేషన్ తెరుచుకున్న రోజే కొట్టాలి. ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. అద్దాల బోగీలో ఉన్నవి 44 సీట్లే, డిసెంబరు శని ఆదివారాలకి క్షణాల్లో అయిపోతాయి. దొరకలేదని దిగులక్కర్లేదు. మామూలు రెండో తరగతి రిజర్వేషన్ బోగీలో కిటికీ తెరుచుకుంటుంది, ఫోటోకి అద్దం అడ్డుండదు. సొరంగాలు వచ్చినప్పుడల్లా నాలుగేళ్ళ పిల్లలు చెయ్యి, తల బయట పెట్టకుండా ఒకరు కనిపెట్టుకుని ఉండాలి, అంతే.

అనకాపల్లి_బెల్లం
మూడు రోజుల్లో నాలుగు చోట్లా? అన్నీ కొండల్లోనే, అందులో ఒకటి ఇంకో వైపు. కారు కిటికీ తప్ప ఇంకేటీ కనబడదు.

మన్యం_మాస్టారు
కిరణ్ గారూ, పటం మీద నాలుగూ పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి. ఘాట్ రోడ్డులో కిలోమీటర్లు కాదు, గంటలు లెక్కపెట్టుకోవాలి.

విశాఖ నుంచి బొర్రా 90 కిలోమీటర్లు, అరకు 115 దాకా. ఎస్.కోట దాటాక ఘాట్ మొదలవుతుంది, అక్కడి నుంచి గంటకి పాతిక ముప్పై కిలోమీటర్లకి మించి లెక్క వేసుకోవద్దు. అరకు నుంచి డుంబ్రిగూడ, హుకుంపేట మీదుగా పాడేరు 45 కిలోమీటర్లు, గంటన్నర. వంజంగి పాడేరు పక్కనే. కానీ పాడేరు నుంచి లంబసింగి వెళ్ళాలంటే జి.మాడుగుల, చింతపల్లి తిరిగి పోవాలి. రెండు గంటల పైమాటే, రోడ్డు పనులు జరుగుతున్న చోట ఇంకా ఎక్కువ. లంబసింగికి అసలు దగ్గర దారి కింద నర్సీపట్నం నుంచి, 30 కిలోమీటర్లు.

అంటే బొర్రా, అరకు, వంజంగి ఒక వరస. లంబసింగి, తాజంగి, చింతపల్లి ఇంకో వరస. మూడు రోజులకి ఒక వరసే తీసుకోండి. మొదటిసారి వస్తున్నారు, పిల్లలున్నారు కాబట్టి మొదటి వరసే నా ఓటు.

చలికోటు
మాస్టారు, నేను ఒప్పుకోను. పిల్లలకి గుర్తుండేది చలి. అరకులో డిసెంబరు చలి హైదరాబాద్ చలికి ఒక మెట్టు పైన, అంతే. లంబసింగి వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది, రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే గడ్డి మీద తెల్లటి పొర కడుతుంది. గాలి ఉష్ణోగ్రత మూడు నాలుగు డిగ్రీలున్నా నేలకి ఆనుకున్న గడ్డి ఆకు అంతకంటే చల్లబడుతుంది, అందుకే కారు పైకప్పు మీద, ఎండుగడ్డి మీద ముందు కనిపిస్తుంది. అది చూడ్డానికే జనం వస్తారు.

మన్యం_మాస్టారు
వస్తారు, నిజమే. కానీ ఆ పొర ప్రతి రాత్రీ కట్టదు. "ఆంధ్రా కశ్మీర్" అన్న బోర్డు చూసి పిల్లలు మంచు బొమ్మ చేద్దామని బయలుదేరితే ఏడుస్తారు. అక్కడ హిమపాతం లేదు. పొగమంచు, చలి, అప్పుడప్పుడు గడ్డిమీద ఆ తెల్లదనం. ముందే చెప్పి తీసుకెళ్ళాలి.

కరీంనగర్_కిరణ్
సరే, లంబసింగి తీసేస్తున్న. మరి ఆదివారం తెల్లారి వంజంగి అంటే ఎట్లుంటది?

అనకాపల్లి_బెల్లం
ఆదివారం మాత్రం వద్దండి బాబూ. శనివారం అర్ధరాత్రి నుంచే విశాఖ, రాజమండ్రి, విజయవాడ బళ్ళన్నీ పాడేరులోకి దిగుతాయి. కొండకింద ఇరుకు రోడ్డు, రెండు కార్లు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాలి. నాలుగున్నరకి పాడేరు హోటల్లో బయలుదేరినోళ్ళు సూర్యోదయానికి ఇంకా ట్రాఫిక్‌లో ఉండిపోతారు. వారం మధ్యలో పెట్టుకుంటే అదే కొండ ఎంతో ప్రశాంతం.

రైలుపిచ్చోడు
అయితే దారి తిప్పేద్దాం అనిపిస్తుంది: ముందు పాడేరు, శుక్రవారం వంజంగి, తరవాత అరకు, చివర్లో రైల్లో దిగడం. అది చెయ్యకండి. తిరుగు బండి అరకులో సాయంత్రం పూట. డిసెంబరులో ఐదున్నరకే పొద్దు వాలిపోతుంది. ఈ లైను కొత్తవలస, కిరండూల్ మధ్య బైలదిల్లా ఇనుప ఖనిజం దించడానికి 1960ల్లో వేసినది, ఇప్పటికీ సరుకు బళ్ళదే పెత్తనం. వాటికి దారి ఇవ్వడానికి పాసింజరు ఏదో స్టేషన్లో ఆగిపోతుంది. ఆలస్యమైతే ఘాట్ మొత్తం చీకట్లో దిగుతుంది, అద్దాల బోగీలో మీ మొహాలే మీకు కనిపిస్తాయి.

ఎక్కేటప్పుడు రైలు, దిగేటప్పుడు రోడ్డు. ఈ క్రమం మార్చొద్దు. రోజులు మార్చుకోండి.

మన్యం_మాస్టారు
అదే సరైన మాట. కిరణ్ గారు శనివారం విశాఖ చేరి, ఆది, సోమ, మంగళ పెట్టుకుంటే అన్నీ కలిసొస్తాయి. ఆదివారం బొర్రాలో జనం ఉంటారు గానీ, రైలు పది ప్రాంతంలో దించుతుంది. గుహ తెరిచేదీ పదికే. రోడ్డు మీద వచ్చే టూరిస్టు బస్సులు పదకొండు దాటాక కట్ట కట్టుకుని దిగుతాయి. అప్పటికి మీరు బయటికొచ్చేస్తారు.

కరీంనగర్_కిరణ్
సోమ, మంగళ సెలవు పెట్టచ్చు. స్కూల్ కూడ రెండు రోజులే పోతది. రైలు బొర్రాల దిగాల్నా, అరకుల దిగి వెనక్కి రావాల్నా?

రైలుపిచ్చోడు
బొర్రా గుహలులో దిగండి. వరస ఇలా ఉంటుంది: ఎస్.కోట, బొడ్డవర, శివలింగపురం, తైడా, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, షిమిలిగుడ, అరకు. చిమిడిపల్లి దాటగానే సామాను తలుపు దగ్గరికి చేర్చుకోండి. ఆగేది కొద్ది నిమిషాలే, ప్లాట్‌ఫారం అన్ని బోగీలకీ ఒకే ఎత్తులో అందదు. ముందు ఒకరు దిగి అమ్మగారికి చెయ్యి అందించాలి, పిల్లలు ఆ తరవాత, సామాను చివర.

కారు డ్రైవర్ని ఉదయం విశాఖలో ఖాళీగా బయలుదేరి బొర్రా స్టేషన్ దగ్గరికి పదింటికల్లా రమ్మనండి. పెద్ద సామానంతా ఆ కారులోనే వేసెయ్యండి, మీ చేతిలో ఒక సంచీ చాలు. స్టేషన్ నుంచి గుహ దాకా నడిచి కూడా వెళ్తారు, కానీ మీ అమ్మగారికి ఆ నడక అనవసరం, మోకాళ్ళ ఓపిక గుహ కోసం దాచుకోవాలి.

షిమిలిగుడ పోతుందని బెంగ ఉంటే, అది 996 మీటర్ల ఎత్తున ఉన్న స్టేషన్, ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజ్ మీద ఎత్తైనదని బోర్డు ఉంటుంది. బోర్డు కోసం ఇంకో గంట కూర్చోనక్కర్లేదు.

బొర్రా_చెమ్మ
గుహ గురించి నేను చెప్తాను.

మెట్లు ప్రవేశం దగ్గరే దిగుతాయి. లోపల పెద్ద హాలు లాంటి భాగం వస్తుంది, అక్కడి దాకా కమ్మీ పట్టుకుని మెల్లగా దిగితే మోకాళ్ళ నొప్పులున్నవారు కూడా రాగలరు. అక్కడే ఆగిపోయినా చూడవలసినదాంట్లో సగం పైన చూసినట్టే: పైకప్పులో ఉన్న కన్నంలోంచి వెలుగు పడే చోటు అక్కడే. దాని తరవాత మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. శివలింగం ఉన్న చోటికి ఎక్కే మెట్లు నిటారు, ఇరుకు, ఎక్కేవాళ్ళు దిగేవాళ్ళు ఒకే దారి. అమ్మగారిని పెద్ద హాల్లో ఒకరితో కూర్చోబెట్టి మిగతావాళ్ళు వెళ్ళి రావాలి. దిగడం కంటే తిరిగి పైకి ఎక్కడమే అసలు పని, దానికి అరగంట వేరే పెట్టుకోండి.

నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. పైనుంచి చుక్క పడి, దానిమీద రోజూ వేల కాళ్ళు నడిచి, రాయి అద్దంలా నునుపెక్కిపోయింది. అడుగు అరిగిన చెప్పులు, నున్నటి ప్లాస్టిక్ చెప్పులు పనికిరావు. గాడి ఉన్న రబ్బరు అడుగు బూట్లు వెయ్యండి. చీర కుచ్చిళ్ళు కాళ్ళకి అడ్డం పడకుండా అమ్మగారికి పైకి దోపుకోమని చెప్పండి.

పిల్లలకి చూపించాల్సింది: పైనుంచి వేలాడే రాతి ఊడ చివర చుక్క. వాననీరు మట్టిలోంచి దిగేటప్పుడు బొగ్గుపులుసు వాయువుని కలుపుకుని కాస్త పులుపెక్కుతుంది, సున్నపురాయిని కరిగించుకుని వస్తుంది. గుహ గాలి తగలగానే ఆ వాయువు విడిపోతుంది, కరిగిన సున్నం చివర్న సన్నటి పొరగా మిగులుతుంది. చుక్క కిందపడితే అక్కడ ఇంకో మొలక లేస్తుంది. రెండూ కలిస్తే స్తంభం. టార్చి లైటు ఊడ పక్కనుంచి వేస్తే చుక్క ఊరడం, వణకడం, తెగడం మూడూ కనిపిస్తాయి. చేత్తో మాత్రం ముట్టనివ్వకండి. వేలి జిడ్డు అంటుకున్న చోట సున్నం సరిగ్గా పట్టదు, నల్లబడుతుంది. దారి పక్క చేతికందే ఎత్తులో ఉన్నవన్నీ నల్లగా, పైవి తెల్లగా ఉండడం మీరే చూస్తారు.

గుహ మీదనుంచే రైలు మార్గం పోతుంది, కింద గోస్తనీ నది పారుతుంది. ఈ ముక్క చెబితే తొమ్మిదేళ్ళ వాడు అరగంట ప్రశ్నలడుగుతాడు.

బయట కోతులు. చేతిలో కవరు కనిపిస్తే లాక్కుంటాయి, అందులో ఏముందో చూసుకోవు. తినేది ఏదైనా జిప్పున్న సంచీలో పెట్టి, నాలుగేళ్ళ బిడ్డ చేతికి బిస్కెట్ ప్యాకెట్ ఇవ్వకండి.

కరీంనగర్_కిరణ్
పక్కనే కటికి జలపాతం ఉన్నదంట కద, అది కూడ చూడచ్చా?

బొర్రా_చెమ్మ
మీ జట్టుకి వద్దు. బొర్రా దగ్గర జీపులు మాట్లాడుకోవాలి, రాళ్ళ దారిలో ఎగిరెగిరి పడుతుంది, దిగాక ఇంకా ఎక్కాలి. మోకాళ్ళకీ నడుముకీ అది శిక్ష. వర్షాకాలం వెళ్ళాక నీళ్ళు కూడా సన్నబడతాయి. దానికి బదులు అరకు వెళ్ళే దారిలో గాలికొండ వ్యూపాయింట్ దగ్గర కారు ఆపండి. రోడ్డు పక్కనే, ఎవరూ ఏమీ ఎక్కక్కర్లేదు.

గేర్_మార్చు
డ్రైవర్ గురించి ఎవరూ మాట్లాడలేదు. కారు ఏదన్న దానికంటే ఎవరు తోలుతున్నారన్నదే ముఖ్యం. బుక్ చేసేటప్పుడే అడగండి: అరకు, పాడేరు రెండు ఘాట్‌లూ అలవాటేనా? విశాఖ సిటీలో మాత్రమే తిప్పే కుర్రాడైతే వద్దు.

దిగేటప్పుడు గమనించండి. ఏ గేరులో ఎక్కామో అదే గేరులో దిగాలి, రెండోది లేదా మూడోది. ఇంజనే బండిని పట్టుకోవాలి. కొందరు పెట్రోలు ఆదా అని న్యూట్రల్‌లో వదిలేసి బ్రేకు మీద దించుతారు. పది పన్నెండు మలుపులయ్యేసరికి కాలిన వాసన వస్తుంది. అది బ్రేకు ప్యాడ్లు వేడెక్కిన వాసన. ఇంకా అలాగే దిగితే బ్రేకు ఆయిల్ మరిగి అందులో ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది, బండి ఆగదు. వాసన రాగానే వెడల్పైన చోట ఆపించి ఇరవై నిమిషాలు చల్లారనివ్వండి. చక్రం మీద నీళ్ళు మాత్రం పోయకూడదు, కాలిన డిస్కు పగులుతుంది లేదా వంకర పోతుంది. ఆటోమేటిక్ అయితే డి లో వదిలెయ్యకుండా ఎల్ లోనో మాన్యువల్‌లోనో పెట్టి దించాలి.

ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలి, మలుపు ముందు హారన్ కొట్టాలి. పొగమంచులో హైబీమ్ వేస్తే తెల్లటి గోడే తప్ప రోడ్డు కనిపించదు, లోబీమ్ వెయ్యాలి. అద్దం లోపల ఆవిరి పడితే గుడ్డతో తుడుస్తూ కూర్చోకుండా ఏసీ వేసి, గాలి అద్దం వైపు తిప్పి, బయటి గాలి లోపలికొచ్చే మీట తెరిస్తే నిమిషంలో పోతుంది.

తల్లి_కోడి
మలుపులకి పిల్లలు వాంతులు చేసుకుంటారు, దాని గురించి ఇంకొంచెం. ఖాళీ కడుపూ వద్దు, నూనె పూరీలూ వద్దు. బయలుదేరడానికి గంట ముందు రెండు ఇడ్లీలు, కొన్ని నీళ్ళు. ఫోన్ చేతికివ్వకూడదు, దగ్గర్లో కదలని బొమ్మ చూస్తూ ఒళ్ళు మాత్రం కదులుతుంటేనే తిప్పుతుంది. దూరంగా కొండ చూడమనాలి. మూడో వరస సీట్లో పిల్లల్ని వెయ్యొద్దు, ఊపు అక్కడే ఎక్కువ. వాంతి మాత్రలు మగత తెస్తాయి. నాలుగేళ్ళ బిడ్డకి మోతాదు మీ పిల్లల డాక్టర్నే అడిగి రాయించుకోండి, పక్కింటివాళ్ళ సిరప్ వాడకండి. మందు ఘాట్ ఎక్కడానికి ముందే పడాలి, మొదలయ్యాక వేస్తే అది కూడా బయటికే. చేతికందేలా గట్టి కవర్లు, తడి గుడ్డ, ఒక జత బట్టలు.

కరీంనగర్_కిరణ్
చాల మంచిగ చెప్తున్నరు. సోమవారం అరకుల ఏం చూడాలె? వలిసె పూల ఫోటోలు చూసి మా ఇంటామె ఆ పసుపు పొలాల్ల నిలవడాలంటుంది.

అరకు_గింజ
డిసెంబరు రెండో వారానికి పూత అంచుల్లో ఉంటుందండి. నవంబరులో వస్తే కొండవాలంతా పసుపే. మీరొచ్చేటప్పటికి చాలా పొలాల్లో రేకలు రాలి గింజ పట్టేస్తుంది. ఆలస్యంగా విత్తనం చల్లిన మడులు అక్కడక్కడ పూతతో మిగులుతాయి, డుంబ్రిగూడ వైపు దారిలో చూసుకుంటూ వెళ్ళండి. రైతు కొంత డబ్బు అడుగుతాడు, ఇవ్వండి. అది నూనెగింజ పంట, ఫోటో కోసం తొక్కిన ప్రతి మొక్కా ఆయనకి నష్టం. గట్టు మీదే నిలబడి, కెమెరా కిందికి దించి తీస్తే పొలం మధ్యలో ఉన్నట్టే వస్తుంది. తేనెటీగలు ఉంటాయి, సెంటు పూసుకుని వెళ్ళకండి.

మీరు వచ్చే నెలలో అసలు చూడాల్సింది కాఫీ. అప్పుడే పండు ఎర్రబడి కోతలు జరుగుతుంటాయి. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్క, ఆ చెట్టుకే మిరియం తీగ. పండు నొక్కితే జారుడు తొక్కలోంచి రెండు గింజలు వస్తాయి, జిగురు తియ్యగా ఉంటుంది. తోటవాళ్ళని అడిగి ఒక్కటి చేతిలోకి తీసుకుని పిల్లలకి చూపించండి. ఇళ్ళ ముందు పట్టాల మీద ఆరబెట్టిన గింజ కనిపిస్తుంది, దాన్ని తొక్కుకుంటూ నడవొద్దు. కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చికోరీ ఎంత శాతమో చదవండి. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చాక రోడ్డు మీద ప్రతి పొట్లం మీదా ఆ పేరే రాస్తున్నారు. గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొనుక్కుంటే నిశ్చింత. తేనె కూడా అక్కడే.

గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట అమ్మగారికి హాయి, చదును నేల. చాపరాయి పాడేరు దారిలోనే తగులుతుంది. వెడల్పైన బండ మీద పల్చగా నీళ్ళు జారుతుంటాయి, పిల్లలు దిగుతామని గోల చేస్తారు. తడిసి పచ్చగా, నల్లగా ఉన్న రాయి మీద అడుగు వెయ్యనివ్వకండి, అది పాచి. బండ అంచున గుంటలుంటాయి, పైకి మోకాలి లోతు నీళ్ళలా కనిపిస్తాయి. పొడి రాయి మీద కూర్చుని కాళ్ళు తడుపుకుంటే చాలు.

చలికోటు
బొంగులో చికెన్ మర్చిపోయారేంటి?

అరకు_గింజ
వస్తున్నా. పచ్చి వెదురు బొంగు ఉండాలి, ఎండినదైతే లోపలి తడి చాలక పగిలిపోతుంది. ముక్కలకి అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర పట్టించి, నూనె లేకుండా కూరి, మూతి ఆకులతో బిగించి నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. ముప్పావుగంట దాకా పడుతుంది. మీ కళ్ళముందు పెట్టమనండి. ముందే కాల్చి పక్కన పెట్టింది మళ్ళీ వేడిచేసి ఇస్తే ముక్క పీచులా ఉంటుంది. ఆకు తీసి వంపగానే లోపలి నీరు సన్నటి రసంలా రావాలి. ఎముక దగ్గర ఎర్రగా ఉంటే తిరిగి నిప్పు మీదకి పంపండి, మొహమాటం వద్దు. పిల్లలకి కారం తగ్గించమని కూరకముందే చెప్పాలి.

మన్యం_మాస్టారు
ఇక వంజంగి. సోమవారం రాత్రి పాడేరులోనే పడుకోవాలి. అరకులో పడుకుని తెల్లవారుజామున రావాలంటే రెండున్నరకి లేవాలి, పొగమంచులో 45 కిలోమీటర్లు. పాడేరులో గదులు తక్కువ, ముందే మాట్లాడుకోండి.

మేఘాలు ఎందుకు పడతాయో తెలిస్తే ఏ రోజు వెళ్ళాలో కూడా తెలుస్తుంది. రాత్రి ఆకాశం తేటగా, గాలి లేకుండా ఉంటే నేల వేడి పైకి పోతుంది, చల్లబడ్డ గాలి బరువెక్కి కొండవాలు వెంట లోయలోకి జారుతుంది. లోయలో తడి ఉంటే అది పొగమంచుగా పేరుకుంటుంది. కింద చల్లగా, పైన కాస్త వెచ్చగా ఉంటుంది కాబట్టి ఆ మంచు పైకి లేవలేక చదునుగా పరుచుకుంటుంది. మనం దానికి పైన నిలబడతాం. కావాల్సినవి మూడు: తేట ఆకాశం, గాలి లేకపోవడం, నేలలో తడి. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉన్నప్పుడు రాత్రంతా మబ్బు కప్పేస్తుంది, చలీ ఉండదు, మేఘాల సముద్రమూ ఉండదు, కొండే మబ్బులో మునిగిపోయి ఎదుటి మనిషి కనబడడు. అది తీరం దాటి వాన వెలిసిన రెండు మూడు రోజులకి మాత్రం అద్భుతంగా ఉంటుంది. చింతపల్లి వ్యవసాయ పరిశోధన కేంద్రం చెప్పే కనిష్ఠ ఉష్ణోగ్రత పత్రికల్లో రోజూ వస్తుంది. అది పది డిగ్రీల లోపుండి, ముందు రాత్రి పాడేరులో చుక్కలు స్పష్టంగా కనిపిస్తే బయలుదేరండి. చుక్కలు లేకపోతే పిల్లల్ని లేపకండి, పడుకోనివ్వండి.

ఆ రోజుల్లో సూర్యోదయం ఆరుంబావు దాటాక. నాలుగున్నరకి గది నుంచి కదిలితే వారం మధ్యలో సరిపోతుంది. సూర్యుడు వచ్చాక కూడా గంటన్నర మేఘం ఉంటుంది, ఎనిమిది దాటాక విడిపోతుంది. కాబట్టి సూర్యోదయం తప్పిపోయిందని చీకట్లో పిల్లల్ని లాక్కుంటూ పరిగెత్తొద్దు. వెలుతురొచ్చాక ఎక్కితే తక్కువ జారతారు.

అనకాపల్లి_బెల్లం
బళ్ళు ఆగిన చోటి నుంచి కిలోమీటరు పైనే ఎక్కుడు. మొదట మట్టి దారి, పైకి పోయేకొద్దీ రాళ్ళు, ఆఖర్న నిటారు. మంచు పడి మట్టి జారుతుంది, దిగేటప్పుడు ఇంకా. అమ్మగారిని ఎక్కించొద్దు. నాలుగేళ్ళ బిడ్డని చేతుల్లో ఎత్తుకుని దిగడం ప్రమాదం, ముందు అడుగు కనబడదు. వీపుకి కట్టుకునే క్యారియర్ ఉంటే తెచ్చుకోండి, లేకపోతే సగం దాకా పోయి ఆగిపోండి. సగం నుంచి కూడా లోయ కనబడతాది.

కరీంనగర్_కిరణ్
మరి అమ్మ గదిలనే ఉండాల్నా? పాపం అంత దూరం వచ్చి.

మన్యం_మాస్టారు
మీరు ఎక్కి వచ్చేదాకా అమ్మగారు గదిలో వెచ్చగా నిద్రపోనివ్వండి, తిరిగొచ్చాక పాడేరు మోదకొండమ్మ గుడికి తీసుకెళ్ళండి. మన్యం మొత్తానికి ఆవిడ ఇలవేల్పు. ఆ తరవాత దిగే దారి మాడుగుల, చోడవరం మీదుగా. ఆ ఘాట్‌లో కూడా కారు దిగకుండానే లోయలు కనిపిస్తాయి.

చలికోటు
బట్టల విషయం. ఒక్క లావు స్వెటర్ కంటే మూడు పల్చటి పొరలు మేలు: లోపల కాటన్, మధ్యలో ఉన్ని, పైన గాలి ఆపే జాకెట్. ఎక్కే ముందు మధ్య పొర తీసి సంచీలో పెట్టాలి. వేసుకుని ఎక్కితే చెమట పడుతుంది, పైకెళ్ళి నిలబడగానే ఆ తడే వణికిస్తుంది. మంకీ క్యాప్, పిల్లలకి చేతి తొడుగులు, రెండు జతల మేజోళ్ళు. గడ్డి మీద మంచు నీళ్ళకి బూట్లు తడుస్తాయి. కూర్చోడానికి ఒక ప్లాస్టిక్ పట్టా, చేతులు ఖాళీగా ఉండేలా తలకి కట్టుకునే లైటు, ఫ్లాస్కులో వేడి పాలు. చలికి ఫోన్ బ్యాటరీ తొందరగా పడిపోతుంది, లోపలి జేబులో పెట్టుకోండి.

తల్లి_కోడి
చలి అనగానే ఒక హెచ్చరిక. కొన్ని చోట్ల గదిలో నిప్పుల కుంపటి పెట్టిస్తామంటారు. తలుపులు మూసిన గదిలో, గుడారంలో బొగ్గు కుంపటి పెట్టుకుని పడుకోకూడదు. బొగ్గు సగం కాలితే వాసన, రంగు లేని విషవాయువు వస్తుంది, నిద్రలోనే స్పృహ పోతుంది. పొగ లేదు కదా అని ధీమా వద్దు, ఎర్రటి నిప్పుకే ఇది ఎక్కువ. చలిమంట ఆరుబయటే. గ్యాస్ గీజర్ ఉన్న స్నానాలగదిలో కూడా కిటికీ తెరిచి ఉంచాలి. దుప్పట్లు ఇంకో రెండు అడగండి, వేడినీళ్ళ సీసాలు గుడ్డ చుట్టి కాళ్ళ దగ్గర పెట్టండి.

గేర్_మార్చు
ఇంకో రెండు. పెట్రోలు ఎస్.కోట దగ్గర నింపించి ఎక్కండి, పాడేరులో మళ్ళీ చూసుకోవచ్చు. లోయల్లో సిగ్నల్ పోతుంది, ఫోన్‌పే తిరుగుతూనే ఉంటుంది. వందలు, యాభైలు, ఇరవైలు చిల్లరగా ఉంచుకోండి. పటం ముందే దించుకోండి. తిరుగు రైలుకి విశాఖ దాకా పోనక్కర్లేదు, చోడవరం నుంచి అనకాపల్లి దగ్గర, మీ బండి అక్కడ ఆగుతుందో లేదో చూసి టికెట్ తియ్యండి. నర్సీపట్నం రోడ్ అని స్టేషన్ పేరు చూసి బుక్ చేసేవాళ్ళుంటారు. అది నర్సీపట్నం ఊళ్ళో లేదు, చాలా దూరం, రాత్రి పూట బళ్ళు దొరకవు.

కరీంనగర్_కిరణ్
అందరికీ దండాలు. మార్చిన ప్లాన్ ఇది, తప్పుంటే చెప్పుండ్రి.

శనివారం: పొద్దున వందేభారత్, మధ్యాహ్నం విశాఖ.
ఆదివారం: రైలుకు బొర్రా. సామాను కారుల. అమ్మ పెద్ద హాల్ దాక. గాలికొండల ఆగి అరకు, అక్కడ్నే పడక.
సోమవారం: పొద్దున కాఫీ తోట, మ్యూజియం. మధ్యాహ్నం తిని చాపరాయి, చీకటి పడకముందు పాడేరు.
మంగళవారం: చుక్కలు కనబడితే వంజంగి, లేకుంటే నిద్ర. గుడి. పదకొండింటికి దిగి అనకాపల్లి, రాత్రి రైలు.

రైలుపిచ్చోడు
బాగుంది. ఆదివారం విస్టాడోమ్ దొరక్కపోతే వెయిటింగ్ లిస్టు పట్టుకుని వేలాడకండి, అదే రోజు రెండో తరగతి రిజర్వేషన్ తీసెయ్యండి. టికెట్ అరకు దాకా తీసుకున్నా బొర్రాలో దిగిపోవచ్చు.

అనకాపల్లి_బెల్లం
పదకొండు కాదు, పది చెయ్యండి. మాడుగుల ఘాట్‌లో ఒక లారీ ఆగిపోతే గంట హారతి. తొందరగా అనకాపల్లి చేరిపోతే నష్టమేటీ లేదు, దారిలో మాడుగుల హల్వా కొనుక్కోడానికి టైముంటాది.

గేర్_మార్చు
డ్రైవర్‌కి పాడేరులో పడుకోడానికి చోటు ముందే మాట్లాడండి. చలిలో కారులోనే ముడుచుకుని, నాలుగింటికి లేచిన మనిషి చేత అదే రోజు ఘాట్ దింపించకూడదు. వంజంగి నుంచి తిరిగొచ్చాక ఆయనకి టిఫిను, గంటన్నర నిద్ర, అప్పుడు బయలుదేరండి.